స్విమ్మింగ్ పూల్ మోటర్ రోజుకి ఎన్ని గంటలు? ఆ "8 గంటల" లెక్క వెనక వందేళ్ల కథ

"బ్రో, మా ఇంటికి రెండు రోజులకోసారి నల్లా నీళ్లు వస్తేనే పండగ, నువ్వు స్విమ్మింగ్ పూల్ గురించి చెప్తున్నావా" అని మీరు అనుకునేలోపే ఒక మాట. నాకూ సొంత పూల్ లేదు. హైదరాబాద్‌లో మా అక్కావాళ్లు ఉండే అపార్ట్‌మెంట్‌లో ఉంది. సాఫ్ట్‌వేర్ జాబ్ మానేసి వీడియోలు మొదలుపెట్టాక వాళ్లింట్లోనే ఒక రూమ్‌లో ఉంటున్నా. కిటికీ తీస్తే కిందే పూల్. ఈ ఎపిసోడ్ మొత్తం ఆ పూల్‌కి నేను చేసిన ఒక తప్పు పని గురించి, ఆ తప్పు అర్థం చేసుకోవడానికి నేను చదివిన చరిత్ర గురించి.

మార్చిలో అసోసియేషన్ మీటింగ్ జరిగింది. మెయింటెనెన్స్ పెంచుతున్నారని అందరూ గరం గరంగా ఉన్నారు. అకౌంట్స్ చూస్తుంటే ఒక ఆంటీ అడిగింది, "పూల్ మోటర్ రోజుకి 12 గంటలు ఎందుకు నడుస్తోంది?" అని. సెక్రటరీ అంకుల్ పూల్ చూసుకునే అన్నని పిలిచాడు. అన్న చెప్పిన సమాధానం, "ముందు నుంచీ అంతే సార్." ఎందుకు 12, ఎందుకు 10 కాదు, ఎవరికీ తెలీదు.

అక్కడ నేను లేచా. బీటెక్ చేశాం కదా, ఆగలేం. ఫోన్ తీసి వెతికితే ఒక చోట 8 గంటలు అని ఉంది, ఇంకో చోట 12, ఇంకో చోట 4. ఒక చోట మాత్రం, అమెరికాలో స్టడీ చేశారు, 3 గంటల కంటే తక్కువ నడిపినా నీళ్లు బాగానే ఉన్నాయి అని రాసుంది. అంతే, నాకు కావాల్సింది దొరికింది. "అంకుల్, 2 గంటలు చాలు, నేను టైమర్ పెట్టిస్తా" అన్నా. చప్పట్లు కూడా కొట్టారు. లెక్క ఏంటంటే, మోటర్ గంటకి సుమారు ఒకటిన్నర యూనిట్ తాగుతుంది. 12 గంటలకి 18 యూనిట్లు, 2 గంటలకి 3. రోజుకి 15 యూనిట్లు మిగులు. యూనిట్ పది రూపాయలు వేసుకుంటే నెలకి 4,500. సూపర్ కదా?

ఆ అపార్ట్‌మెంట్‌లో 140 ఫ్లాట్లు. అంటే ఒక్కో ఫ్లాట్‌కి మిగిలేది నెలకి 32 రూపాయలు. ఈ భాగహారం నేను ఆ రోజు చెయ్యలేదు.

తర్వాత ఏమైందో చెప్తా. ముందు అసలు ఈ "గంటలు" అనే మాట పూల్స్‌లోకి ఎప్పుడొచ్చిందో చూద్దాం. ఎందుకంటే చాలా కాలం పాటు పూల్ నీళ్లని గంటల్లో లెక్కపెట్టలేదు. రోజుల్లో లెక్కపెట్టారు.

స్కూల్ బుక్‌లో అందరం చూసిన ఫొటో ఒకటుంది, మొహెంజొదారో గ్రేట్ బాత్. సుమారు 12 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు, దాదాపు 2.4 మీటర్ల లోతు. ఇటుకల వెనకాల నీరు కారకుండా తారు లాంటి పూత పెట్టారు. పక్క గదిలో బావి, ఒక మూలన నీళ్లు బయటికి పోయే కాలువ. నాలుగున్నర వేల ఏళ్ల కిందటి డిజైన్. నింపు, వాడు, వదిలెయ్. మన గుళ్ల కోనేరు వేరే రకం. అక్కడ వాన, ఊట చూసుకుంటాయి. రోమన్లది ఇంకో పద్ధతి. ఎక్కడో కొండల మీది నీళ్లని రాతి కాలువల్లో ఊళ్లోకి తెచ్చి స్నానశాలలకి ఇచ్చారు, ఒకవైపు వస్తుంటే ఇంకోవైపు పోతుంది. కరెంట్ బిల్లు సున్నా.

ఇప్పుడు డైరెక్ట్‌గా ఇంగ్లండ్‌కి వచ్చేద్దాం. కథ ఇక్కడే ఇంట్రెస్టింగ్‌గా మారుతుంది. ఫ్యాక్టరీలు వచ్చాయి, ఊళ్లు కిక్కిరిసిపోయాయి, కార్మికుల ఇళ్లల్లో స్నానాల గదులు లేవు. 1846లో అక్కడి పార్లమెంట్ ఒక చట్టం చేసింది. ఊరి పాలకులు ప్రజల డబ్బుతో స్నానశాలలు, బట్టలు ఉతుక్కునే చోట్లు కట్టించొచ్చు అని. ఆ స్నానశాలల్లో మెల్లగా ఈత కొలనులు కూడా వచ్చాయి.

వాటికి ఫిల్టర్ లేదు. క్లోరిన్ లేదు. నింపుతారు, కొన్ని రోజులు జనం ఈదుతారు, నీళ్లు చూడలేని స్థితికి వచ్చాక ఖాళీ చేసి కడిగి మళ్లీ నింపుతారు. చాలా చోట్ల కొత్తగా నింపిన రోజు టికెట్ ఎక్కువ. రోజులు గడిచే కొద్దీ, నీళ్లు ముదిరే కొద్దీ, టికెట్ తగ్గుతుంది. థియేటర్‌లో కొత్త సినిమాకి ఫస్ట్ డే రేటు, తర్వాత మామూలు రేటు ఉంటుందే, అలాగే. కానీ ఇక్కడ పాతబడేది సినిమా కాదు, మీరు మునిగే నీళ్లు.

దీనికి నాకు దొరికిన బెస్ట్ ఉదాహరణ మాంచెస్టర్‌లోని విక్టోరియా బాత్స్. 1906లో తెరిచారు. ఇప్పటికీ ఆ బిల్డింగ్ ఉంది, రంగు అద్దాలు, టైల్స్‌తో ప్యాలెస్‌లా ఉంటుంది, ఫొటోలు వెతికి చూడండి. లోపల మూడు కొలనులు. ఒకటి ఫస్ట్ క్లాస్ మగవాళ్లకి, రెండోది సెకండ్ క్లాస్ మగవాళ్లకి, మూడోది ఆడవాళ్లకి. నీళ్లు సొంత బావి నుంచి వచ్చేవి. ఆ కొత్త నీళ్లు ముందు ఫస్ట్ క్లాస్ మగవాళ్ల కొలనులోకి. వాళ్లు వాడేశాక అవే నీళ్లు సెకండ్ క్లాస్ మగవాళ్ల కొలనులోకి. వాళ్లు కూడా వాడేశాక, చివరికి ఆడవాళ్ల కొలనులోకి.

ఒక్క నిమిషం ఇక్కడ ఆగండి. ఒకే నీళ్లు, మూడు ర్యాంకులు. ఇది చదివినప్పుడు నాకు మా తాతయ్య వాళ్ల ఊరే గుర్తొచ్చింది. నల్గొండ వైపు. బావి దగ్గర ఎవరు ముందు తోడుకోవాలి, ఎవరు దూరంగా నిలబడి ఎవరైనా పోస్తే పట్టుకోవాలి అనే లెక్క మన ఊళ్లకి తెలియంది కాదు. కాకపోతే మాంచెస్టర్ వాళ్లు దానికి పైపులు వేసి, ఇంజనీరింగ్ డ్రాయింగ్ గీశారు. నీళ్లు తక్కువైనప్పుడు, వాటిని శుభ్రం చేసే దారి లేనప్పుడు, మురికి ఎవరి వంతుకి రావాలో సమాజం ముందే డిసైడ్ చేసి పెట్టుకుంటుంది. పూల్ పంపు కథ నాకు బోరింగ్ టాపిక్‌లా అనిపించడం మానేసింది సరిగ్గా ఇక్కడే.

ఈ ర్యాంకుల అవసరం పోగొట్టింది రెండు విషయాలు. ఒకటి క్లోరిన్. 1908లో అమెరికాలోని జెర్సీ సిటీ తాగునీళ్లలో క్లోరిన్ కలపడం మొదలుపెట్టింది. రెండేళ్లకి, 1910లో, బ్రౌన్ యూనివర్సిటీలోని కోల్గేట్ హోయ్ట్ పూల్‌లో బ్లీచింగ్ పౌడర్ ప్రయోగం చేశారు. మన మున్సిపాలిటీ వాళ్లు వానాకాలం వీధుల్లో చల్లుతారే, అదే జాతి సరుకు. సూక్ష్మజీవుల లెక్క పడిపోయింది. రెండోది ఫిల్టర్, దాన్ని నడిపే పంపు. నీళ్లని పారబోయకుండా ఒకవైపు లాగి, ఇసుకలో వడపోసి, మళ్లీ అదే కొలనులోకి పంపడం.

ఇదిగో, "ఎన్ని గంటలు" అనే ప్రశ్న పుట్టింది ఇప్పుడే. అప్పటిదాకా అడిగింది "నీళ్లు ఎన్ని రోజులవి" అని. ఇకపై "పంపు ఎంతసేపు తిప్పాలి" అని.

మామూలుగా మనం ఏమనుకుంటాం? పూల్‌లో లక్ష లీటర్లు ఉన్నాయి, ఫిల్టర్ గుండా లక్ష లీటర్లు పోయాయి, కాబట్టి మొత్తం శుభ్రం. నేనూ అదే అనుకున్నా. తప్పు. ఎందుకంటే శుభ్రమైన నీళ్లు వచ్చి మురికి నీళ్లలోనే కలుస్తాయి. కాసేపటికి ఫిల్టర్‌లోకి వెళ్లేవాటిలో అప్పటికే శుభ్రమైనవి కూడా ఉంటాయి. ఒక గ్లాసు రూహ్ అఫ్జా షర్బత్‌ని నల్లా కింద పెట్టండి. గ్లాసుకి సరిపడా నీళ్లు పడ్డాక చూడండి. ఎరుపు పోదు, తగ్గుతుందంతే.

ఈ లెక్కని 1926లో గేజ్, బిడ్‌వెల్ అనే ఇద్దరు అమెరికన్లు పూల్స్‌కి వర్తింపజేసి చూపించారు. ఇప్పటికీ వాళ్ల పేరుతోనే చెప్తారు. పూల్‌లో ఉన్నంత నీళ్లు ఒకసారి ఫిల్టర్ గుండా పోతే దాన్ని ఒక టర్నోవర్ అంటారు. ఒక టర్నోవర్‌కి పోయే మురికి 63%. రెండు టర్నోవర్లకి 86%. మూడుకి 95%. నాలుగుకి 98%. ఇంటర్‌లో ఎక్స్‌పొనెన్షియల్ చదివినవాళ్లకి ఈ 63 ఎక్కడిదో వెంటనే వెలిగుంటుంది, కెపాసిటర్ ఛార్జింగ్ గ్రాఫ్‌లో ఉండే 63 ఇదే. ఎన్ని తిప్పినా 100 రాదు. ఎప్పటికీ రాదు. అందుకే ఎక్కడో ఒక చోట మనుషులే "ఇంక చాలు" అని గీత గియ్యాలి.

వాళ్లు గీసిన గీత ఏంటంటే, ప్రజలందరూ వాడే పూల్‌లో ఒక టర్నోవర్ 8 గంటల్లో అయ్యేంత పంపు ఉండాలి. పంపు రాత్రీ పగలూ నడుస్తుంది. అంటే రోజుకి మూడు టర్నోవర్లు, 95%. చాలాకాలం ఇదే మామూలు లెక్క, తర్వాత అమెరికాలో చాలా రాష్ట్రాలు దాన్ని 6 గంటలకి తగ్గించాయి. గుర్తుపెట్టుకోండి, ఇక్కడ "8 గంటలు" అంటే పంపు రోజుకి 8 గంటలు నడవడం కాదు. 24 గంటలూ నడిచే పంపు, ఒక చుట్టు పూర్తి చెయ్యడానికి తీసుకునే టైమ్.

ఇప్పుడు సీన్ మారుతుంది. పోలియో. 1916లో న్యూయార్క్‌ని కుదిపేసింది. 1940లు, 50ల మొదట్లో అమెరికాలో ఎండాకాలం వచ్చిందంటే చాలు, తల్లిదండ్రులు పిల్లల్ని పబ్లిక్ పూల్‌కి పంపడానికి భయపడేవాళ్లు. చాలా ఊళ్లు పూల్స్ మూసేసేవి. 1955లో సాక్ టీకా వచ్చేదాకా ఈ భయం ఉంది. ఇంకోవైపు యుద్ధం అయిపోయింది, జీతాలు పెరిగాయి, ఊరి బయట పెద్ద పెద్ద స్థలాల్లో ఇళ్లు కట్టుకున్నారు. కాలిఫోర్నియా, ఫ్లోరిడాలో పెరట్లో సొంత పూల్ అనేది మధ్యతరగతి కల అయిపోయింది, మనకి సొంత కారులాగా.

పెరటి పూల్‌లో ఈదేది నలుగురు. అదీ వారానికి కొన్ని గంటలు. దానికి రోజుకి మూడు టర్నోవర్లు దేనికి? ఒక్కటి చాలు అనుకున్నారు. ఒక టర్నోవర్‌కి 8 గంటలు పట్టేలా పంపు పెట్టుకుంటే, రోజుకి 8 గంటలు నడిపి ఆపేయొచ్చు. గుండ్రటి టైమర్ డబ్బా, పొద్దున ఆన్, సాయంత్రం ఆఫ్.

చూశారా? అంకె అదే, 8. అర్థం మొత్తం మారిపోయింది. పబ్లిక్ పూల్‌లో అది ఒక చుట్టుకి పట్టే టైమ్, ఇంటి పూల్‌లో అది రోజు మొత్తానికి నడిపే టైమ్. మొదటిదాంట్లో నీళ్లు మూడు చుట్లు తిరుగుతాయి, రెండోదాంట్లో ఒకటే. ఇంటర్నెట్‌లో "8 గంటలు" అని కనిపించినప్పుడు అది ఈ రెండింటిలో ఏదో చాలామంది రాయరు. సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటి బగ్స్ నేను చాలా చూశా. వేరియబుల్ పేరు ఒకటే, రెండు ఫైళ్లలో రెండు అర్థాలు. కోడ్ ఎర్రర్ ఇవ్వదు, రిజల్ట్ మాత్రం తప్పొస్తుంది.

సరే, 1973. అరబ్ దేశాలు అమెరికాకి ఆయిల్ ఆపేశాయి. కరెంట్, పెట్రోల్, ప్రతిదాని మీదా జనం కన్ను పడింది. పెరట్లో రోజంతా గుర్రుమంటున్న పూల్ మోటర్ మీద కూడా. ఫ్లోరిడా అట్లాంటిక్ యూనివర్సిటీ వాళ్లు 120 పూల్స్ తీసుకుని స్టడీ చేశారు. చాలా ఇళ్లలో పంపు అవసరానికి మించి పెద్దది, నడిపే టైమ్ కూడా అవసరానికి మించి ఎక్కువ అని తేలింది. రోజుకి 3 గంటల కంటే తక్కువకి తగ్గించినవాళ్లలో ఎక్కువమంది నీళ్లు బాగానే ఉన్నాయన్నారు. చిన్న పంపు, తక్కువ టైమ్ రెండూ కలిపినవాళ్లలో కొందరికి పంపు ఖర్చు 75% దాకా తగ్గింది.

నేను మీటింగ్‌లో ఫోన్ చూసి చెప్పింది ఈ స్టడీనే. అది నలుగురుండే ఇంటి పెరటి పూల్స్ గురించి. నేను దాన్ని తెచ్చి 140 ఫ్లాట్ల పూల్‌కి అతికించా.

ఇప్పుడు మా పూల్ లెక్క వినండి. 15 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, సగటున 1.2 మీటర్ల లోతు. 1,08,000 లీటర్లు. పంపు గంటకి 18,000 లీటర్లు తోస్తుంది. అంటే ఒక టర్నోవర్‌కి 6 గంటలు. 12 గంటలు నడిపితే రెండు టర్నోవర్లు. నేను పెట్టిన 2 గంటలకి, మూడో వంతు టర్నోవర్. దాంతో రోజుకి పోయేది 28% మురికే.

మురికి రోజూ కొత్తగా వస్తూనే ఉంటుంది కాబట్టి, మిగిలింది మర్నాటి దాని మీద పేరుకుంటుంది. ఆ పేరుకోవడం ఎక్కడ ఆగుతుందో చూడ్డానికి పైథాన్‌లో పది లైన్ల లూప్ రాశా. 12 గంటలు నడిపితే, మోటర్ ఆపే టైమ్‌కి పూల్‌లో ఒక రోజు మురికిలో 16% ఉంటుంది. 6 గంటలైతే 58%. 2 గంటలైతే రెండున్నర రోజుల మురికి, ఎప్పుడూ, పర్మనెంట్‌గా. 24 గంటలు నడిపితే 2% కూడా ఉండదు, కానీ దానికి డబుల్ కరెంట్. అంటే సెక్రటరీ అంకుల్‌కి ముందున్న 12 పిచ్చి అంకె కాదు. "ముందు నుంచీ అంతే" అన్న ఆ అన్నకి ఎక్స్‌పొనెన్షియల్ తెలియకపోవచ్చు, ఆయన నీళ్లని తెలుసుకున్నాడు. కాకపోతే ఈ లూప్ నేను రాసింది మీటింగ్ ముందు కాదు, జరగాల్సింది జరిగాక.

జరిగింది ఏంటంటే. ఏప్రిల్ మూడో వారం. పిల్లలకి సెలవులు. సాయంత్రం పూల్‌లో ముప్ఫై మంది. నీళ్లు పాలు రెండు చుక్కలు కలిపినట్టు ఉన్నాయి. నేను పైనుంచి చూస్తూ కూడా పట్టించుకోలేదు, క్లోరిన్ వేస్తున్నారు కదా అనుకున్నా. అసలు ఎండలో క్లోరిన్ చాలా త్వరగా చచ్చిపోతుంది. మోటర్ నడవకపోతే మూలల్లోకి వెళ్లదు కూడా. ఉన్నట్టుండి విజిల్. పూల్ అన్న అందరినీ బయటికి లాగుతున్నాడు. ఎందుకంటే లోతు వైపు అడుగున ఉండే జాలీ ఆయనకి కనపడట్లేదు. పిల్లల్ని లెక్కపెడితే ఒకరు తక్కువ.

తక్కువైంది మా అక్క కొడుకు. ఎనిమిదేళ్లు.

అన్న దూకేశాడు. అడుగంతా చేతులతో తడుముతున్నాడు. నేను నాలుగో ఫ్లోర్ నుంచి మెట్ల మీద ఎలా దిగానో నాకు గుర్తులేదు. అక్క పూల్ గట్టు మీద కూర్చుని ఉంది, ఏడవట్లేదు, ఊరికే నీళ్లకేసి చూస్తోంది. ఆరేడు నిమిషాలు. వాడు క్లబ్‌హౌస్ బాత్రూమ్ నుంచి తడి చెప్పులేసుకుని వచ్చాడు, "ఏమైంది మామా?" అంటూ. ఎవ్వరికీ చెప్పకుండా వెళ్లాడు, అంతే.

తర్వాత రెండు రోజులు నేను అక్కతో సరిగ్గా మాట్లాడలేకపోయా. తను ఏమీ అనలేదు. ఒక్కసారి మాత్రం అడిగింది, "ఒరేయ్, నిజంగానే వాడు లోపల ఉండుంటే ఎవరికీ కనిపించేవాడు కాదు కదా?" అని. నా దగ్గర సమాధానం ఉంది. అది చెప్పే ధైర్యం లేదు.

ఆ తర్వాతే పాత నిబంధనలు చదవడం మొదలుపెట్టా. 1920లలో అమెరికా ప్రజారోగ్య నిపుణుల కమిటీలు పూల్స్‌కి రూల్స్ రాసినప్పుడు, సూక్ష్మజీవుల లెక్కలతో పాటు ఒక పరీక్ష పెట్టారు. తెల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద ఆరంగుళాల నల్లటి బిళ్ల. దాన్ని పూల్‌లో బాగా లోతున్న చోట అడుగున పెడతారు. గట్టు మీద పది గజాల దూరంలో నిలబడినా అది స్పష్టంగా కనిపించాలి. కనిపించకపోతే ఆ నీళ్లు పాస్ కాదు. ల్యాబ్ అక్కర్లేదు, కెమిస్ట్రీ అక్కర్లేదు, రెండు కళ్లు చాలు. ఎన్ని గంటలు నడపాలి అనే ప్రశ్నకి వందేళ్ల కిందట వాళ్లు ఇచ్చిన అసలు జవాబు నా దృష్టిలో ఇదే, బిళ్ల కనిపించేదాకా. టర్నోవర్లు, గంటలు, ఇవన్నీ ఆ బిళ్ల కనిపించేలా చెయ్యడానికి కట్టుకున్న లెక్కలు.

నీళ్లు తేటగా ఉంటే అన్నీ బాగున్నట్టే అని కూడా కాదు. క్రిప్టోస్పోరిడియం అని ఒక పరాన్నజీవి ఉంది, విరేచనాలు తెప్పిస్తుంది, మామూలు క్లోరిన్‌లో వారం పైనే బతుకుతుంది. అది కంటికి కనిపించదు. కాబట్టి బిళ్ల కనిపించడం పాస్ మార్కులు, ఫస్ట్ క్లాస్ కాదు.

చిన్న సైడ్ ట్రాక్, మోటర్ గంటలు అంటే మన తెలుగువాళ్లకి వేరే జ్ఞాపకం ఉంటుంది కాబట్టి. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో ఉచిత కరెంట్ ఫైల్ మీద సంతకం అయ్యాక పొలం మోటర్లకి 7 గంటలు అన్నారు. అది రాత్రి ఒంటిగంటకొచ్చినా తెల్లారుజామున వచ్చినా పరిగెత్తాలి. అందుకే ఊళ్లల్లో అందరూ ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు, కరెంట్ రాగానే మోటర్ దానంతటదే ఆన్. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో 24 గంటలు ఇచ్చారు. అప్పుడు ప్రభుత్వమే ఆటో స్టార్టర్లు తీసెయ్యండి అని రైతుల్ని అడగాల్సి వచ్చింది, రాత్రంతా తోడేస్తే బోర్లు ఎండిపోతాయని. మా తాతయ్య అయితే తీసి పక్కన పడేసి, "పైరు చూసి నడపాలె, కరెంట్ చూసి కాదు" అన్నాడు. ఆ మాట నేను మార్చిలో గుర్తుచేసుకుని ఉంటే బాగుండేది.

మళ్లీ పూల్‌కి. ఖర్చు తగ్గించాలనుకోవడం తప్పు కాదు, నేను తగ్గించిన చోటు తప్పు. అమెరికాలో వాళ్లు చివరికి పట్టుకున్న దారి వేరు. పంపుల్లో ఒక సూత్రం ఉంది. స్పీడ్ సగం చేస్తే నీళ్లు సగమే వస్తాయి, కానీ కరెంట్ సగం కాదు, ఎనిమిదో వంతుకి పడిపోతుంది. అదే నీళ్లు తోడడానికి డబుల్ టైమ్ నడిపినా మొత్తం కరెంట్ నాలుగో వంతే. కాగితం మీద లెక్క అది, నిజం మోటర్‌లో మిగులు కాస్త తగ్గుతుంది, అయినా పెద్ద తేడానే. అంటే కరెంట్ ఆదా చెయ్యాలంటే తక్కువ గంటలు కాదు, ఎక్కువ గంటలు మెల్లగా నడపాలి! నాకు ఇది చదవగానే మైండ్ బ్లాంక్. కాలిఫోర్నియా 2008 నుంచి ఒక హార్స్‌పవర్, ఆపైన ఉండే కొత్త పూల్ మోటర్లకి కనీసం రెండు స్పీడ్‌లు ఉండాలంది. 2021 జులై నుంచి అమెరికా మొత్తానికీ కొత్త పూల్ పంపులకి ఎఫిషియెన్సీ రూల్ వచ్చింది. దాంతో పాత ఒకే స్పీడ్ మోటర్లు చాలావరకు షాపుల్లోంచి పోయాయి.

మే మొదట్లో మళ్లీ మీటింగ్ పెట్టారు. ఈసారి లేచి, తప్పు నాదే అని చెప్పా. చప్పట్లు లేవు. కొత్త పంపు కొనడానికి చాలామంది ఒప్పుకోలేదు, వచ్చే ఏడాది చూద్దాం అన్నారు. ఎండాకాలం, పిల్లల సెలవులు ఉన్నన్ని రోజులు మళ్లీ 12 గంటలే. పొద్దున ఆరు గంటలు, మధ్యాహ్నం మూడు నుంచి తొమ్మిది. జనం ఈదే టైమ్‌లో నీళ్లు తిరుగుతూనే ఉండాలి. చలికాలం పూల్‌లోకి ఎవరూ దిగనప్పుడు 6, నీళ్లు చూసి ఇంకా తగ్గించొచ్చు. మీకు పూల్ ఉంటే, లేదా మీ అపార్ట్‌మెంట్‌లో ఉంటే, ఈ అంకెలు కాపీ కొట్టకండి. పూల్‌లో ఎన్ని లీటర్లు, పంపు గంటకి ఎన్ని లీటర్లు, రోజుకి ఎంతమంది దిగుతున్నారు, ఈ మూడూ కనుక్కోండి. మొదటిదాన్ని రెండోదాంతో భాగిస్తే మీ టర్నోవర్ టైమ్. నలుగురే ఈదే ఇంటి పూల్ అయితే రోజుకి ఒకటి సరిపోవచ్చు. పిల్లలు ముప్ఫై మంది దిగితే రెండుకి తగ్గించకండి.

ఇంకోటి. టైమర్ నా ఫోన్‌లో ఉండేది, యాప్ తీసేశా. స్విచ్ ఇప్పుడు పూల్ అన్న చేతిలోనే ఉంది. ఆయన ఒక పాత స్టీల్ మూతకి నల్ల పెయింట్ వేసి, తెల్ల టైల్ మీద అతికించి, లోతు వైపు అడుగున పెట్టాడు. రోజూ సాయంత్రం గేట్ తీసేముందు అవతలి గట్టు మీద నిలబడి చూస్తాడు. కనిపిస్తే తీస్తాడు. మొన్న గాలివాన పడ్డ మర్నాడు కనిపించలేదు, తియ్యలేదు. పిల్లలు గేట్ దగ్గర గోల గోల. మా అక్క కొడుకు కిటికీ దగ్గరికొచ్చి, "మామా, నువ్వు చెప్పవా అంకుల్‌కి" అన్నాడు. నేను చెప్పలేదు.

సరే, నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. బై.